చెదురుమదురు

ఇరుగుపొరుగు దేశాల సంబంధాలపై వెలువడే పరిశోధన పత్రికలో ప్రూఫులు దిద్దే ఆవిడ పేరు ఇంతవరకూ ఏ సంచికలోనూ అచ్చు కాలేదు. ఆవిడా అడగలేదు. కళ్లద్దాలు నుదుటికెక్కించి, కాగితాన్ని ముక్కుకి ఆనించినంత దగ్గరగా పట్టుకుని, పెదవులు కదుపుతూ చదువుతుంది. మొన్న "చెదురుమదురు ఘటనలు మినహా సరిహద్దు ప్రశాంతం" అన్న వాక్యం దగ్గర ఆ పెదవులు ఆగిపోయాయి.

"సార్, ఆ చెదురుమదురులోనే మా అక్క ఇల్లు తగలబడింది. ఎన్ని ఇళ్లు కాలాయో వ్యాసం రాసినాయన్ని రాయమందాం," అంది.

"అచ్చుతప్పులు చూడమ్మా, చాలు. ఇది పరిశోధన, అక్కాచెల్లెళ్ల కబుర్లు కాదు," అని నవ్వాడు సంపాదకుడు.

"ఇదీ తప్పే కదండీ!" అంటూ ఆ మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, కాగితం ఆయన ముందు పెట్టి వచ్చింది. వాక్యం అలాగే అచ్చయింది.

ఒక్కతే అడిగింది కాబట్టి నవ్వాడు. ఈ సంచిక మీ చేతికొస్తే, ఎన్ని ఇళ్లు కాలాయని మీరూ రాసి అడగండి.