కన్ను మ్యాచ్, చెవి మ్యాచ్

బళ్ళారి బ్రూస్‌పేటలో ఆ బట్టల అంగడి షట్టరు తొమ్మిదింటికి లేస్తుంది గానీ, దాని మెట్ల మీద క్రికెట్టు ఏడింటికే మొదలయ్యేది. నేను పాఠాలు చెప్పే బడికి పోతూ మా నాన్నను స్కూటీ మీద అక్కడ దింపడం నా పని. దింపిన వెంటనే పోవాలనే రోజూ అనుకునేదాన్ని. ఒక్క ఓవరు విని పోదామని నిలబడితే అది ఇన్నింగ్స్ అయ్యేది, బళ్ళో హెడ్మాస్టరు గడియారం వైపు చూసేవాడు.

ఉండేది ముగ్గురే. ఒకాయన అంగడి సావుకారు. మూడు తరాలుగా బళ్ళారిలో వ్యాపారం చేస్తున్నా అత్తగారి ఊరు ఆదోని, అందుకని ఆయన ప్రాణమంతా రాజధాని హైదరాబాదు జట్టు మీదే. రెండో ఆయన రైల్వేలో టికెట్ కలెక్టరుగా చేసి దిగినవాడు. అందరికీ ఆయన టీసీయే. పాసు మీద ఊళ్ళూళ్ళు తిరిగి చూసిన మ్యాచ్‌లకు అంతు లేదు. మూడో ఆయన మా నాన్న, మిషన్ బడిలో భూగోళం చెప్పి రిటైరైన మేష్ట్రు. ముగ్గురిలో లోకమంతా మ్యాపులో చూసి, బళ్ళారి దాటి పెద్దగా పోనివాడు ఆయనే.

ఇండియా ఆడే మ్యాచ్‌ల గురించి అక్కడ ఎత్తకూడదు. "అవి ఊరంతా చూస్తాది. మనకేం పనప్పా దాంతో?" అనేవాడు సావుకారు. మాట్లాడితే పాత రంజీ మ్యాచ్‌లే. రోజంతా ఆడి నలభై కొట్టి, టీ తర్వాత పెళ్ళాం వచ్చి కూర్చోగానే అవుటైన ఓపెనరు ఒకడు. తాంబూలం నములుతూ స్టంపింగ్ చేసే వికెట్ కీపరు ఒకడు. పొద్దున పులిలా పరుగెత్తి, మధ్యాహ్నం బిసిబేళె బాత్ తిన్నాక నడిచి వచ్చి బౌలింగ్ చేసే ఫాస్ట్ బౌలరు ఇంకొకడు. వాళ్ళెవరి ముఖాలూ నేను చూడలేదు. అయినా మా బంధువుల కంటే వాళ్ళే నాకు బాగా తెలుసు.

అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. ఎవరైనా మ్యాచ్ ఎత్తుకోగానే మిగిలినవాళ్ళు అడిగేవాళ్ళు: "కన్నా, చెవా?" మైదానంలో కూర్చుని చూసింది కన్ను మ్యాచ్. రేడియోలో విన్నది చెవి మ్యాచ్. చెవి మ్యాచ్ చెప్పేవాడు మెట్ల మీదే కూర్చుని చెప్పాలి. కన్ను మ్యాచ్ చెప్పేవాడికి మాత్రం అంగడి పక్క తలుపులోంచి ఇనుప కుర్చీ తెచ్చి వేస్తారు. "యాడ కూచోని చూసినావు?" అని అడుగుతారు, అతను చోటు చెప్పాలి. ఈ కట్టుబాటు పెట్టింది టీసీ. పెట్టినవాడు కాబట్టి కుర్చీ ఎక్కువగా ఆయన కిందే ఉండేది.

మా నాన్నకు ఉన్నది ఒకే ఒక కన్ను మ్యాచ్. మన కన్నడ రాష్ట్రానికీ హైదరాబాదుకూ బెంగళూరులో జరిగింది, చివరి రోజు ఆట. హైదరాబాదుకు చివరి జోడీ, గెలవడానికి పదకొండు పరుగులు. మన ఎడమచేతి స్పిన్నరు చివరివాణ్ణి బౌల్డ్ చేశాడు, మిడిల్ స్టంప్. రెండు నెలలకొకసారైనా సావుకారే అడిగి మరీ చెప్పించుకునేవాడు, తన పుండు తానే గోక్కున్నట్టు. నాన్న కుర్చీలో నిటారుగా కూర్చుని చెప్పేవాడు. ఆ వికెట్టు దగ్గరికి రాగానే ప్రతిసారీ కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. "ఓడింది మేమప్పా, ఏడ్చేది నువ్వా?" అని సావుకారు ఎగతాళి చేసేవాడు. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని.

ఆ మ్యాచ్‌కి సాక్ష్యం కూడా ఉండేది. పసుపు రంగు టికెట్టు, కీర్తనల పుస్తకంలో దాచుకున్నాడు. మొదటిసారి చూపించినప్పుడు టీసీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చి, కుర్చీ ఆయనే తెచ్చి వేశాడట. ఈ సంగతి నాన్న గొప్పగా చెప్పుకునేవాడు.

అసలు సంగతి నాకు తెలుసు. మా అమ్మ పోయే ముందు ఏడాది బియ్యం ఏరుతూ నోరు జారింది. "మీ నాయన ఆ మ్యాచ్ యాడ చూసినాడు? గేటు గూడా దాటలేదు. ఎవురికీ చెప్పొద్దు పాపా." ఎందుకు దాటలేదో అడిగితే బియ్యంలోకి తల దించుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. సండే స్కూల్లో మా అందరి చేతా 'అబద్ధమాడరాదు' అని వల్లె వేయించిన మనిషి! అయినా గుట్టు దాచాను. ఆ కుర్చీలో కూర్చున్నంత సేపు ఆయన ముఖం పదేళ్ళు చిన్నదయ్యేది మరి.

అవి గనుల రోజులు. ఖనిజం లారీలు ఊరిని రాత్రీ పగలూ తొక్కుతుండేవి. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి కావిరంగు అయ్యేది. గనుల వాళ్ళు ఊరూరా టెన్నిస్ బాలు టోర్నమెంట్లు పెట్టేవారు, బహుమతికి మోటారు సైకిళ్ళు ఇచ్చేవారు. ఒకరోజు సావుకారు పేపరు ఊపుకుంటూ వచ్చాడు. తారానగర్ దగ్గర టోర్నమెంటు మొదలుపెట్టడానికి ముఖ్య అతిథి వస్తున్నాడు, ఎవరో కాదు, ఆ ఎడమచేతి స్పిన్నరే.

"మేష్ట్రూ, నీ మనిషి వస్తాండాడు! ఆయప్పతో నీ మ్యాచ్ నువ్వే చెప్పల్ల!" అని సావుకారు ఎగిరాడు. ఆదివారానికి కారు కూడా మాట్లాడేశాడు.

నాన్న మోకాలు పట్టుకున్నాడు. "నాకు మోకాలు నొప్పి ఉండాది" అన్నాడు. "ఎత్తుకోని పోతాం" అన్నాడు సావుకారు. టీసీ మాత్రం, "ఇష్టం లేకుంటే వద్దులే" అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు వింతగా తోచింది.

ఆదివారం పొద్దున నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ నన్నడిగాడు. "నేను పోకుంటే ఏమనుకుంటారు?"

"ఏది నిజమో అదే అనుకుంటారు" అన్నాను. నా నోటికి అడ్డూ ఆపూ లేదు. ఆయన నా వైపు చూశాడు. నాకు తెలుసని ఆయనకు అప్పుడే తెలిసింది. మిగిలిన గుండీలు పెట్టుకున్నాడు. ఆ మాట తలచుకుంటే నా నాలుక నేనే కొరుక్కోవాలనిపిస్తుంది ఇప్పటికీ. చేసిన తప్పుకు నేనూ కారెక్కాను.

సండూరు దారిలో లారీల వెనక లారీలు. మేం చేరేసరికి ముగ్గురి తెల్లచొక్కాలూ ఎర్రబడ్డాయి. మైదానం గడ్డిలేని ఎర్రమన్ను, కుర్రాళ్ళు ప్రాక్టీసు చేస్తున్న తెల్ల టెన్నిస్ బాలు రెండు ఓవర్లకే నిజం క్రికెట్ బాలు రంగుకు తిరుగుతోంది. నిర్వాహకులంతా హెలికాప్టరులో దిగబోయే పెద్దమనిషి కోసం ఆకాశం చూస్తున్నారు. ముఖ్య అతిథి షామియానా కింద ఒంటరిగా, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, కొబ్బరిబొండం ఎళనీరు తాగుతున్నాడు. ఆ కుర్రజట్లలో ఆయనెవరో ఒక్కరికీ తెలియదు.

ఈ ముగ్గురూ పోయి ఆయన ఆడిన మ్యాచ్‌లు వరసపెట్టి చెప్పడం మొదలుపెట్టేసరికి ఆ స్పిన్నరు ముఖం విచ్చుకుంది. కన్నడంలో, వచ్చీరాని తెలుగులో బాగా మాట్లాడాడు. హైదరాబాదు మ్యాచ్ ప్రస్తావన రాగానే, "ఆ చివరి వికెట్టు... షార్ట్ లెగ్‌లో క్యాచ్ కదా?" అన్నాడు.

"కాదు సార్. బౌల్డ్. మిడిల్ స్టంప్" అన్నాడు మా నాన్న, ఆపుకోలేక.

ఆయన కళ్ళు మూసుకుని కాసేపు తలచుకుని, చేయి చాచి నాన్న భుజం పట్టుకున్నాడు. "హౌదు! బౌల్డే! ఎల్లి కూతిద్రి మేష్ట్రే?" అన్నాడు. ఎక్కడ కూర్చున్నారని. బ్రూస్‌పేట మెట్ల మీది ప్రశ్నే.

నాన్న కంటే ముందు సావుకారు అందుకున్నాడు. "పెవిలియన్ పక్కనే సార్! కండ్లారా చూసినాడు!"

"అయితే ఆ వికెట్టు పడ్డాక నేను ఏం చేశానో మీరే చెప్పాలి. అది పేపర్లోనూ రాలేదు, రేడియోలోనూ చెప్పలేదు. చూసినవాళ్ళకే తెలుసు" అన్నాడు ఆటగాడు నవ్వుతూ. సావుకారు గర్వంగా నాన్న వైపు తిరిగాడు. టీసీ నేల చూశాడు.

ఏదో ఒకటి చెప్పి ఉండొచ్చు. టోపీ ఎగరేశారు అంటే సరిపోయేదేమో. నాన్న మాత్రం చేతులు కట్టుకుని, మేష్టారి ముందు నిలబడ్డ పిల్లవాడిలా చెప్పాడు. "చూడలేదు సార్. నేను లోపలికే రాలేదు. ఆ దినం దగ్గర్లో ఆస్పత్రిలో ఉన్నా. రేడియోలో విన్నా."

పెద్దాయన కొబ్బరిబొండం పక్కన పెట్టాడు. తర్వాత తనే చెప్పాడు. బొటనవేలి గోరు ఊడి సాక్సు నెత్తురైందట. వికెట్టు పడగానే పిచ్ మీదే కూలబడి, బూటు విప్పి చేత్తో పట్టుకుని పెవిలియన్‌కి నడిచాడట. ఇంతలో హెలికాప్టరు చప్పుడైంది, ఆయన్ని టాస్ వేయడానికి పిలుచుకుపోయారు.

తిరుగు దారిలో కార్లో సావుకారు ఒకసారి "ఏం దుమ్మప్పా" అన్నాడు, అంతే.

మరునాడు నాన్న అంగడికి రానన్నాడు. ఆ మరునాడూ అంతే. పేపరు ముందు పెట్టుకుని ఆటల పేజీ తిప్పకుండా కూర్చునేవాడు. ఈ వయసులో ఆయనకున్నది ఆ మెట్లే, ఆ ఇద్దరే. అవి పోతే ఏం మిగులుతుందో నాకు తెలుసు. ఐదో రోజు నేనొక్కదాన్నే అంగడికి పోయి ఇద్దరినీ దులిపేశాను. ఇన్నేళ్ళ స్నేహం ఒక ఇనుప కుర్చీపాటి చేయలేదా అని అడిగాను.

సావుకారు నా మాటలన్నీ పడ్డాడు. "మేం రావద్దన్లేదమ్మా. దినామూ మూడు కాఫీలే చెప్తాండా. ఒకటి అట్లే చల్లారిపోతాండాది" అన్నాడు. చూపించాడు కూడా. గ్లాసు మీద మీగడ కట్టి ఉంది.

ఇంటికి పోయి నాన్నను లేవదీసి, బండెక్కించి తెచ్చాను. ఆయన అందరికంటే కింది మెట్టు మీద కూర్చున్నాడు. కుర్చీలో టీసీ ఉన్నాడు. సావుకారు మెల్లగా అడిగాడు. "ఆ మ్యాచ్ చెప్పు మేష్ట్రూ. కన్నా, చెవా?"

"చెవి" అన్నాడు నాన్న. చెప్పాడు.

"మా పాపకి రెండేండ్లు. జ్వరమొచ్చి మూడు దినాలు కన్ను తెరవలేదు. ఈడ కాదంటే బెంగళూరు మిషన్ ఆస్పత్రికి తీసుకోని పోయింటిమి. ఏమీ చెప్పలేమనె డాక్టరు. వార్డులో పనిచేసే మనోడొకడు టికెట్టు ఇచ్చి, పోయి రా మేష్ట్రూ, సుమ్మనే కూచోని ఏం చేస్తావు అనె. గేటు దాకా పోయినా. కాళ్ళు రాలేదు, తిరుక్కోని వస్తి. కిటికీ కింద వాచ్‌మన్ రేడియో. ముందు గ్రౌండులోంచి కేక ఇనబడ్తాది, ఆమేలె రేడియో చెప్తాది ఏమయ్యిందో. కడా వికెట్టుకి లేసిన కేక ఉండాదే... ఆస్పత్రి అదిరిపాయ. ఆ కేకకి పాప ఉలిక్కిపడి ఏడ్చె. మూడు దినాలకి మొదటి ఏడుపు. మిడిల్ స్టంప్ అని రేడియో అంటాంటే, వాళ్ళమ్మ పాపను నా చేతిలో పెట్టె."

చిన్నప్పుడు నాకు పెద్ద జ్వరం వచ్చిందని తెలుసు. అది ఈ మ్యాచ్ రోజని నాకెవరూ చెప్పలేదు.

"పాప సంగతి చెప్పబోతే గొంతు పూడుకుపోతాండె. మ్యాచ్ అనుకుంటే చెప్పొచ్చు. ఏడ్చినా మ్యాచ్‌కే అనుకుంటారు" అన్నాడు నాన్న. నన్ను చూడకుండా అన్నాడు.

టీసీ గొంతు సవరించుకున్నాడు. "మేష్ట్రూ, ముప్పై ఏండ్లు గేట్లో నిలబడి టికెట్లు చూసినోణ్ణి. లోపలికి పోతే సగం చించుతారు. నీది నిండుగా ఉండాది. నువ్వు సూపించిన దినమే నాకు తెలుసు."

నాన్న తల ఎత్తాడు. "మరి కుర్చీ ఎందుకేసినావప్పా?"

"చెప్తా ఏడ్చినావు గదా. ఏమీ చూడనోడు అట్ల ఏడ్వడు. ఏదో ఒకటి చూసే ఉంటాడు అనుకుంటి. అదేందో ఈ దినం తెలిసె." టీసీ కుర్చీ దిగి, దాన్ని తుండుగుడ్డతో తుడిచాడు. "రా, కూచో. మళ్ళా మొదట్నుంచి చెప్పు. పదకొండు పరుగులు కావల్ల గదా?"

సావుకారు ఇంకో కాఫీ చెప్పాడు. నాన్న పోయి కుర్చీలో కూర్చున్నాడు. బడికి ఆలస్యమైపోయింది, హెడ్మాస్టరు ఏమైనా అనుకోనీ అనుకుని, నేను ఆ కింది మెట్టు మీదే కూర్చుని నా మ్యాచ్ మొదటి బంతి నుంచి విన్నాను.