జాంబియా నుంచి వచ్చిన జ్వరం

2022 సెప్టెంబరు. కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని లండన్‌లో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో నేను నర్సుగా పనిచేస్తున్నాను. కాలేజీలు తెరిచిన ఆ నెలలో ఊళ్లో ఏ బస్సెక్కినా మన పిల్లలే. ఇల్లు దొరక్క ఒక్కో బేస్‌మెంట్‌లో అరడజను మంది సర్దుకునేవారు. ఒకరికి జ్వరం వస్తే వారం తిరక్కుండా అందరికీ వచ్చేది. వచ్చినవాళ్లలో ఎవరిని ముందు డాక్టరుకు చూపించాలో నర్సు తేల్చే చోటును ట్రయాజ్ అంటారు. అక్కడ నేను కూర్చున్న ప్రతి షిఫ్టులోనూ "ఆంటీ, మీరు తెలుగా?" అని ఎవరో ఒకరు అడిగేవారు. మాది కాకినాడ అని చెప్పగానే వాళ్ల మొహాలు విచ్చుకునేవి.

ఆ మధ్యాహ్నం వచ్చిన అమ్మాయి మాత్రం అలా అడగలేదు. ఆమెను స్రవంతి అందాం. కరీంనగర్ నుంచి వచ్చి బయాలజీలో మాస్టర్స్ చేస్తోంది. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది, తల పట్టుకుని కూర్చుంది. నా ప్రశ్నలన్నిటికీ ఇంగ్లీషులో ఒక్కొక్క ముక్క జవాబు చెప్పింది. ఈమధ్య ప్రయాణం చేశావా అంటే, "యెస్. జాంబియా. ఫీల్డ్ వర్క్" అంది. మలేరియా మాత్రలు వేసుకున్నావా అంటే వేసుకున్నానంది. దోమతెర వాడావా అంటే వాడానంది.

ఆఫ్రికా నుంచి జ్వరంతో వచ్చిన మనిషిని, కాదని తేలేదాకా మలేరియా కిందే లెక్కేస్తాం. వెంటనే బెడ్ ఇచ్చి రక్తం పంపించాం. కాసేపటికి ర్యాపిడ్ టెస్ట్ నెగెటివ్ వచ్చింది. డ్యూటీ డాక్టరు ఊపిరి పీల్చుకుంది. "స్మియర్ కూడా చూస్తున్నారు. అదీ బాగుంటే సెలైన్ పెట్టి ఇంటికి పంపిద్దాం. రేపు మళ్లీ వచ్చి రక్తం ఇవ్వాలి" అంది. స్మియర్ అంటే గాజు పలక మీద రక్తపు చుక్కను పరిచి మైక్రోస్కోప్ కింద చూడడం.

నేను సెలైన్ ఎక్కిస్తూ తెలుగులో పలకరించాను. అమ్మాయి ఉలిక్కిపడి, నవ్వేసింది. "ఆంటీ, సాయంత్రం నాకు కాఫీ షాపుల షిఫ్ట్ ఉంది. జర తొందరగ పంపిస్తరా?"

"ఈ జ్వరంతో షిఫ్టేమిటమ్మా? అది సరేగానీ, అంత దూరం ఎందుకెళ్లావు? ఏం చూశావక్కడ?"

ఊరికే, మాట కలపడానికే అడిగాను. అంతసేపూ వాలిపోయి ఉన్న కళ్లు తెరుచుకున్నాయి. ప్రొఫెసర్ బృందంతో ఒక నేషనల్ పార్కుకు వెళ్లిందట. వానల్లేని కాలంలో ఏనుగులు, అడవిదున్నలు ఎక్కడెక్కడ నీళ్లు తాగుతున్నాయో రాసుకోవడం వాళ్ల పని. దగ్గరి పట్నం నుంచి చిన్న విమానంలో వెళ్లాలట. దిగే ముందు మట్టి రన్‌వే మీద మేస్తున్న జింకల్ని జీపులో వెళ్లి తరిమేవారట. నది చాలాచోట్ల ఎండి మడుగులైతే, ఆ మడుగుల్లో నీటిగుర్రాలు ఒకదాన్నొకటి ఆనుకుని పడుకునేవట. టెంట్ నుంచి బాత్‌రూమ్‌కు వెళ్లాలన్నా తుపాకీ పట్టుకుని గార్డు వెంట రావాల్సిందేనట.

"ఏనుగులంటే భయం వెయ్యలేదా?"

"ఏనుగులు మంచిగనే ఉన్నయి ఆంటీ. మా జోలికి రాలె. మమ్మల్ని సతాయించింది ఈగలు."

"ఈగలా?"

"మన ఇంట్ల ఈగ కాదు. పెద్దది. జీపు ఎంటబడి వస్తది, కొట్టినా చావది. నీలం రంగు, నలుపు రంగు అంటె దానికి పిచ్చి. గార్డు చెప్తనే ఉన్నడు. నేనేమో జీన్స్ ఏసుకున్న, బట్ట మీదికెల్లే కుట్టినయి. ఒక్కటి కుట్టిన కాడ ఇంకా మానలేదు."

దుప్పటి తొలగించి పిక్క వెనక చూపించింది. రూపాయి బిళ్లంత పుండు, చుట్టూ ఎర్రగా ఉబ్బి, మధ్యలో నల్లగా పెచ్చు కట్టి ఉంది.

"ఇది డాక్టరు గారికి చూపించావా?"

"ఆమె అడగలె కదా ఆంటీ. నొప్పి కూడ లేదు."

మన దగ్గర్నుంచి వచ్చే పిల్లల్ని చూసీ చూసీ నాకో సంగతి తెలిసింది. వీసా ఇంటర్వ్యూ కోసం, ఎయిర్‌పోర్ట్ ఆఫీసరు కోసం వాళ్లకు నెలల తరబడి ఒకటే నూరిపోస్తారు: అడిగినదానికే జవాబు చెప్పు, ఒక్క మాట ఎక్కువ మాట్లాడకు. ఆసుపత్రికొచ్చినా అదే భయంతో కూర్చుంటారు. స్రవంతి ఏమీ దాచలేదు. నేనడిగిన ప్రశ్నల్లో ఆ ఈగకు చోటు లేదంతే.

ఆ పుండు ఏమిటో నాకు తెలియదు. వెళ్లి డాక్టరుతో విన్నది విన్నట్టు చెప్పాను. ఆవిడ చేస్తున్న పని ఆపి వచ్చింది. వంగి పుండు చూసింది, మెడ మీద గడ్డలున్నాయేమో తడిమింది, ఈగ ఎలా ఉందో రెండుసార్లు చెప్పించుకుంది. బయటికొచ్చి ల్యాబ్‌కు ఫోన్ చేసి, "మలేరియాకు చూసినట్టు ఎర్రకణాల లోపలే కాదు, వాటి మధ్యలో కూడా చూడండి. సెట్సీ ఈగ కుట్టింది" అంది.

ల్యాబ్ నుంచి జవాబు త్వరగానే వచ్చింది. కణాల మధ్య సన్నటి దారపు పోగుల్లా మెలికలు తిరిగిన పరాన్నజీవులు కనిపించాయి. స్లీపింగ్ సిక్‌నెస్, అంటే సెట్సీ ఈగ కుట్టడం వల్ల వచ్చే నిద్ర జబ్బు. నా సర్వీసులో అంతకుముందు నేను చూడని జబ్బు. జాంబియా వైపు వచ్చే రకం త్వరగా ముదురుతుంది. రక్తంలో ఉన్నంతవరకు మందు బాగా పనిచేస్తుంది. మెదడుకు పాకితే ఇవ్వాల్సిన మందే ప్రాణం మీదికి తేవచ్చు. డాక్టరు ఇదంతా చెబుతుంటే స్రవంతి నా చెయ్యి పట్టుకుంది.

"క్లాసుల ఒక స్లైడ్‌ల చూపించిండ్రు ఆంటీ. నాకెందుకు వస్తదిలే అనుకున్న. మెదడుకు పోయిందా?"

"ఇంకా తెలియదమ్మా. తెలిసిన నిమిషంలో నీకు చెబుతారు."

ఆ మందు మా ఫార్మసీలో లేదు. ప్రత్యేక అనుమతితో బయటినుంచి తెప్పించాలి. మర్నాడు అది చేరేదాకా డాక్టర్లు ఫోన్లు వదల్లేదు. నేను మందుల గదిలో నిలబడి కాసేపు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. మందు పడ్డాక, రక్తంలో ఆ పురుగులు పోయాక, లంబార్ పంక్చర్ చేశారు. అంటే నడుము దగ్గర వెన్నుపూసల మధ్య సూది పెట్టి, మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని కొంచెం తీస్తారు. జబ్బు అంతదూరం వెళ్లిందీ లేనిదీ అందులో తెలుస్తుంది.

ఆరోజు నా షిఫ్టు అయ్యాక వార్డుకు వెళ్లాను. తలుపు దగ్గరే డాక్టరు ఎదురై బొటనవేలు పైకెత్తి చూపించింది. లోపల స్రవంతి ఏడుస్తూ నవ్వుతోంది. వాళ్లమ్మతో ఫోన్‌లో ఉంది. "నా మాట నమ్మతలేదు ఆంటీ, మీరే చెప్పుండ్రి" అని ఫోన్ నాకిచ్చింది.

"అమ్మా, నేను నర్సుని. మెదడుకు ఏమీ కాలేదండి. వెన్ను నుంచి తీసిన నీళ్లు శుభ్రంగా ఉన్నాయి."

అవతల వాళ్లమ్మ ఆ మాట నాతో మళ్లీ చెప్పించుకుంది. తర్వాత, "నువ్వు మనోళ్ల మనిషివేనా తల్లీ? మా బిడ్డ అన్నం తిన్నదా?" అని వినిపించింది.

తినలేదు. నా డబ్బాలో మిగిలిన పులిహోర అప్పుడే పెట్టాను. రెండు ముద్దలు తిని, "ఉప్పు తక్కువైంది ఆంటీ" అంది. గండం గడిచిందని నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

మిగతా డోసులు పూర్తయ్యాయి. ఆ తర్వాత చేసిన పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. థీసిస్ ముగించే ముందు ఒకసారి వచ్చి, తను తీసిన వీడియో చూపించింది. ఏనుగుల గుంపు నది దాటుతోంది, తల్లులు ప్రవాహం వచ్చే వైపు ఉండి పిల్లల్ని కాస్తూ నడుస్తున్నాయి. మళ్లీ వెళ్తావా అంటే తప్పకుండా వెళ్తానంది.

ఈ కేసు తర్వాత నా పద్ధతి కొంచెం మారింది. ఎక్కడికెళ్లావు అని అడిగి ఊరుకోను. అక్కడ నీ రోజు ఎలా గడిచేది అని కూడా అడుగుతాను, వాళ్ల భాష నాకొస్తే ఆ భాషలోనే. బయట క్యూ పెరుగుతుంటే సహోద్యోగులు గడియారం వైపు చూస్తారు. చాలాసార్లు కొత్తగా ఏమీ బయటపడదు, మామూలు జ్వరం మామూలు జ్వరమే అవుతుంది. కానీ ఆ ప్రశ్న విన్నాక పిల్లలు కుర్చీలో కొంచెం వెనక్కి వాలి, "అంటే ఆంటీ, అసలేమైందంటే..." అని మొదలుపెడతారు. నేను పెన్ను పక్కన పెట్టి వింటాను.