మా ప్రహరీ మీద కాడి మోసిన ఆడమనిషి

మా ఇల్లు వినుకొండ వెళ్లే రోడ్డు మీద ఉంది. ప్రహరీ పొడవు ముప్పై రెండు అడుగులు. టేపు పెట్టి నేనే కొలిచాను. ఏటా ఏదో ఒక పురుగుమందుల కంపెనీవాళ్లు వచ్చి, ఉచితంగా సున్నం కొట్టి, దాని మీద తమ ప్రకటన రాసుకుని పోతారు. ఈ ఏడాది ఆ గోడ తనకిమ్మని బొమ్మల కాలేజీలో చదివే మా మనవరాలు అడిగింది. ఇచ్చాను.

పాత ఎక్స్‌రే ఫిల్ములు నాలుగు అతికించి, బ్లేడుతో బొమ్మ కోసి, గోడకు ఆనించి నల్లరంగు కొట్టింది. ఎద్దులుండాల్సిన చోట ఒక ఆడమనిషి కాడి మోస్తూ బండి లాగుతోంది. బండి నిండా ఫ్రిజ్జు, టీవీ, మిక్సీ, చీరల కవర్లు. కింద ‘ఇంకా కావాలి’ అని రెండే మాటలు. కొన్న వస్తువులకు మనమే ఎద్దులమవుతున్నామని దాని ఉద్దేశం. చూసినవాళ్లు ఏమన్నారో రాసుకెళ్లి కాలేజీలో చూపించాలి.

గురువారం పొద్దున్నే పుస్తకం పట్టుకుని వరండాలో కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఆగినవాళ్లు పదకొండు మంది. అందరిదీ ఒకటే ప్రశ్న.

“షాపు ఎక్కడ పెట్టారండీ?”

“షాపు కాదండీ, ఉత్త బొమ్మే.”

“అదేలెండి, ఆఫరు ఎప్పటిదాకా?”

మా ఊళ్లో గోడ మీద రంగు పడిందంటే ఏదో అమ్ముతున్నారనే లెక్క. పిల్ల ముఖం వాడిపోయింది.

“ఎవరికీ అర్థం కాలేదు అమ్మమ్మా. రేపు సున్నం కొట్టేస్తా.”

“సాయంత్రం దాకా ఆగు. సగం రోజు లెక్క లెక్క కాదు,” అన్నాను.

సాయంత్రం మిరపకాయల తొడిమలు తీసే పని నుంచి వస్తున్న ఆడవాళ్లు మంచినీళ్ల కోసం మా గేటు దగ్గర ఆటో ఆపించారు. ఒకామె గోడ చూసి పక్కామెను మోచేత్తో పొడిచింది.

“ఒసేయ్, ఇది నువ్వేనే! మిక్సీ బాగుండగానే కొత్తది తెచ్చుకున్నావుగా!”

“నేనా? ఆ నడుం చూడు, అచ్చం నీదే! చీటీ పాడి టీవీ కొన్నదెవరు?”

అందరూ ఒకటే నవ్వు. మనవరాలు చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తింది.

“నువ్వేశావా అమ్మాయ్? మా ఇంట్లోనూ ఒకటి వెయ్యి. మా ఆయన మళ్లీ ఫోను మారుస్తానంటున్నాడు. తలుపు తియ్యగానే ఎదురుగా కనపడాలి!”

ఆదివారం చర్చి నుంచి వచ్చాక మనవరాలు ఆ ఆడవాళ్ల వీధికి వెళ్లి, అడిగిన ఏడిళ్లలో అచ్చు వేసింది. ఆరో ఇంటామె మాత్రం, “ఫ్రిజ్జొక్కటీ తీసెయ్యమ్మా, వచ్చే నెల కొంటున్నాం,” అంది. పిల్ల ససేమిరా అంది. పావుగంట వాదించుకున్నారు.

చివరికి ఫ్రిజ్జుతో సహా వేయించుకుని, “సరేలే, కొన్నాక దీనికి అడ్డంగా పెడతా,” అందామె.