మిరప కళ్లంలో మా ఆట

పోయిన మంగళవారం పొద్దున మా డాక్టరమ్మగారు ఆసుపత్రి వరండాలోకి వచ్చి, చీటీలు పట్టుకుని కూర్చున్నవాళ్లతో, "ఇవాళ చూడలేనమ్మా. ఆయన వెళ్లిపోయారు," అన్నారు. పర్చూరులో మాకు ఫుట్‌బాల్ నేర్పిన మాస్టారు ఇక లేరని ఊరికి అలా తెలిసింది. నిద్రలోనే పోయారట.

ఆయనది సోవియట్ దేశం. అది ఉన్న రోజుల్లో అక్కడ ఒక రైల్వే కార్మికుల జట్టుకు ఆడేవారు. మోకాలు దెబ్బతిన్నాక ఆట మానేసి, ఒక ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలకు కోచ్ అయ్యారు. దేశం ముక్కలయ్యాక ఆ శిక్షణ ఆగిపోయింది. అక్కడ వైద్యం చదువుకుని ఆయన్ను పెళ్లి చేసుకున్న డాక్టరమ్మగారు తన ఊరికి తీసుకొచ్చారు. తెలుగు ఆయనకు ఆసుపత్రి వరండాలోనే వచ్చింది. అందుకేనేమో, మైదానంలో ఎవరు కనబడినా "ఒంట్లో ఎట్లా ఉంది తల్లీ?" అనేదే మొదటి మాట.

మా కాన్వెంటులో ఆడపిల్లలకు ఆట నేర్పుతానని ఆయనే అడిగారు. నేను గోడ వారన చదువుకుంటూ కూర్చునేదాన్ని. ఒకరోజు వచ్చి, "పుస్తకం ఎక్కడికీ పోదు. వెలుతురు పోతుంది. లే," అన్నారు. లేచాను.

మిరప కోతలు మొదలవగానే బడి వెనక మైదానాన్ని రైతులకు కళ్లంగా ఇచ్చేవారు. నేలంతా ఎర్రగా పరుచుకున్న కాయలను చూసి, ఎండలు ముదిరేదాకా ఇక ఆట లేదనుకున్నాం. మాస్టారు నేరుగా ఆ కాయలు ఆరబోసిన రైతు కోటయ్య బాబాయి దగ్గరికి వెళ్లారు.

"మా పిల్లలు రోజూ కాయలు తిరగేస్తారు. మధ్యలో నాకు ఒక దారి వదులు."

"కాయ తొక్కితే గింజ రాలిపోద్ది దొరా!"

"తొక్కరు. బంతి కాయల్లోకి పోతే తన్నినవాళ్లే ఏరతారు."

అలా మేము ఇద్దరు పట్టేంత దారిలో, రెండు పక్కలా మిరపకాయలు పెట్టుకుని ఆట నేర్చుకున్నాం. గట్టిగా తన్నడానికి లేదు. పక్కనున్నదాని కాలికి మెల్లగా అందించాలి. ఒకసారి మా జట్టులో రూతు కాయలు ఏరి, అదే చేత్తో కళ్లు తుడుచుకుని గోల పెట్టింది. మాస్టారు మజ్జిగ తెచ్చి దాని మొహం కడుగుతూ, తన కళ్లు కూడా మండి, "నేనూ ఏడుస్తున్నాగా, ఇంక ఊరుకో," అన్నారు. అది ఏడుస్తూనే నవ్వింది.

"మా ఊళ్లో మంచు పక్కకు తోసుకుని ఆడేవాళ్లం. ఖాళీ నేల ఎవరూ ఇవ్వరు తల్లీ," అనేవారు. అక్కడ ఎన్ని గోల్స్ కొట్టారని అడిగితే, "కొట్టేవాడికి బంతి ఇచ్చాను," అనేవారు. అది చెప్పేటప్పుడు ఆయన మొహంలో లోటు కనబడేది కాదు.

అదే బడిలో నేను టీచరుగా చేరేసరికి ఆయన మోకాలు పూర్తిగా మొండికేసింది. కుర్చీలో కూర్చుని చెప్పేవారు, నేను చేయించేదాన్ని. కోటయ్య బాబాయితో మాట్లాడటం మాత్రం ప్రతి ఏడూ ఆయన పనే.

సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక ఒక చిన్నపిల్ల నా కొంగు లాగింది. "అక్కా, రేపు ఆటుందా?" కోతలు జోరుగా ఉన్నాయి. ఒకసారి మానిపిస్తే ఈ పిల్లలను మళ్లీ పంపని ఇళ్లు ఎన్నో నాకు తెలుసు.

మర్నాడు సాయంత్రం వెళ్లేసరికి మైదానం ఈ కొసనుంచి ఆ కొసకు ఎర్రగా ఉంది. పిల్లలు గేటు దగ్గరే నిలబడిపోయారు.

"మాస్టారే లేరు గదమ్మా, ఇంకెవరు ఆడతార్లే అనుకున్నా," అన్నాడు కోటయ్య బాబాయి.

"పిల్లలున్నారు బాబాయ్. దారి కావాలి."

"ఏందీ? గట్టిగా చెప్పమ్మా, వినపడట్లా."

"దారి కావాలి బాబాయ్!"

ఆ కేకకు పిల్లలంతా నా వైపు తిరిగారు. ఆయన తలపాగా సర్దుకుని, "ఎంత?" అన్నాడు. చేతులు రెండూ చాచి చూపించాను.

"ఆ దొర కూడా ఇంత అడగలేదే!" అంటూ కాయలు లాగే పలక అందుకున్నాడు. పిల్లలు పరుగున వచ్చి రెండు వైపులా గొంతుక్కూర్చుని చేతులతో జరపసాగారు. ఘాటు లేచింది. ఒకరు తుమ్మారు, తర్వాత అందరూ. కాయల కింద నుంచి మట్టినేల కొంచెం కొంచెంగా బయటపడుతోంది. దారి సగం కూడా పడకముందే ఎవరో బంతి వదిలారు.