జర్మన్ల బీరు పండుగకు రాజన్నతో

సలాలా నుంచి మస్కట్ బస్సు పొద్దున ఏడింటికి. తొంభై మూడో ఏడు, అక్టోబరు నెల. మస్కట్‌లో సముద్రం ఒడ్డున ఒక హోటల్‌వాళ్లు జర్మన్ల పద్ధతిలో బీరు పండుగ చేస్తున్నారు, తప్పక రమ్మని మా పాత సైట్ ఇంజనీరు డీటర్ ఫోన్ చేశాడు. ఆ నెలాఖరుకు ఆయన ఒమన్ వదిలి వెళ్లిపోతున్నాడు. కంపెనీలో స్టోర్ కీపర్ని కాబట్టి పిలుపు నాకే వచ్చింది. నేనూ వస్తానని పట్టుబట్టినవాడు రాజన్న.

రాజన్నది మా జగిత్యాల వైపే. కల్లుగీత ఇంటి వృత్తి. నడుముకూ తాటిచెట్టుకూ కలిపి వేసే మోకు మీద ప్రాణం పెట్టి ఎక్కిన మనిషి, ఒమన్‌లో స్కాఫోల్డింగ్ పలకలకు తాళ్లు కట్టేవాడు. రెండేళ్ల కింద ఒక పలక జారి బంగ్లాదేశీ మేస్త్రీ కాలు విరిగింది. ముడి వదులైందని డీటర్ రిపోర్టు రాశాడు. ఆ మర్నాటి నుంచి రాజన్న కింద సిమెంటు కలుపుతున్నాడు.

"నా ముడి జారలే. గా సారు పోకముందే ఒక్క మాట అడగాలె. గీ పేరు మోసుకొని నేను ఇంటికి పోను" అన్నాడు. ఇంకో నెలలో అతని వీసా కూడా అయిపోతుంది.

బస్సులో మా ముందు సీట్లో ఒక గుంటూరావిడ, సలాలా ఆసుపత్రిలో నర్సు. సెలవు మీద మస్కట్‌లోని ఘుబ్రాలో చెల్లెలింటికి వెళ్తోంది. ఎక్కడికని అడిగితే ఉన్నమాట చెప్పాను. "పన్నెండు గంటలు కూర్చుని బీరు తాగడానికా అండీ? మా చర్చి సంఘంలో తెలిస్తే మీకోసం ప్రత్యేక ప్రార్థన పెడతారు!" అని నవ్వి, రెండు నారింజపళ్లు ఇచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటకు హైమాలో ఆగాం. కోడి బిర్యానీ, చిక్కటి టీ. ఆ తర్వాత నాలుగు గంటలు ఇసుక తప్ప ఏమీ లేదు.

ఆ రాత్రి మస్కట్ శివారు సీబ్‌లో మావాళ్ల రూమ్‌లో పడుకొని, పొద్దున మత్రా పాత రేవు చూశాం. చెక్క పడవలు, కొండమీద కోట, చేపల వాసన. వెళ్లేవాళ్లు ఎండెక్కకముందే వెళ్లండి. సాయంత్రం నాలుగింటికి హోటల్ చేరాం. గేటు దగ్గర కాపలాదారు మా బూట్ల వంక ఒకసారి చూసి వదిలేశాడు. రాజన్న కాళ్లకున్నవి నా బూట్లే.

పచ్చిక మీద నీలం, తెలుపు గుడ్డల పందిళ్లు. పొడవాటి బల్లలు. గోవావాళ్ల బ్యాండు, జర్మన్ గౌన్లు తొడిగిన ఫిలిప్పీన్ అమ్మాయిలు, పుల్లటి క్యాబేజీ. మగ్గు ఎత్తాలంటే రెండు చేతులూ కావలసి వచ్చాయి. రాజన్న ఒక గుక్క తాగి, "పొద్దటి ఈతకల్లు ముందర గిదేంది?" అని నా చెవిలో అన్నాడు.

డీటర్ వచ్చి ఇద్దరినీ కౌగిలించుకున్నాడు. మగ్గు ఎత్తి రాజన్న మగ్గుకు తాకించాడు. రాజన్న తల దించుకొని, పక్కకు తిరిగి తాగాడు. పెద్దవాళ్ల ముందు మనం అలాగే తాగుతాం. డీటర్ మొహం వాడిపోయింది. "మగ్గు తాకించేటప్పుడు మేం కళ్లలోకి చూస్తాం. ఇతనికి నా మీద ఇంకా కోపమా?" అని వచ్చీరాని హిందీలో నన్నడిగాడు.

అది మర్యాదేనని చెప్పాను. కానీ ఆ 'ఇంకా' అన్నమాట రాజన్న పట్టుకున్నాడు. హిందీలో తిన్నగా అడిగేశాడు: "సాబ్, ఆరోజు నా ముడి జారిందా?"

డీటర్ మగ్గు బల్ల మీద పెట్టాడు. "లేదు. పలకే పగిలి ఉంది. నెల తర్వాత తెలిసింది. రిపోర్టు మార్చాల్సింది, మార్చలేదు."

అప్పుడు రాజన్న తలెత్తి ఆయన కళ్లలోకి చూశాడు. డీటర్ చూపు దించుకున్నాడు. నాకైతే ఒళ్లు మండింది. రెండేళ్లు ఈ మనిషి సిమెంటు దుమ్ము మింగాడు! గట్టిగా ఏదో అనబోతే రాజన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు. "గా మాట రాసియ్యమను, చాలు" అన్నాడు. డీటర్ మగ్గు కింద పెట్టే గుండ్రటి అట్టముక్క తీసి దానిమీద ఇంగ్లీషులో రాశాడు: 'ముడి సరిగ్గానే ఉంది. తప్పు నాది. రాజన్నను మళ్లీ స్కాఫోల్డింగ్ పనికి పంపండి.' కింద సంతకం చేశాడు.

మర్నాడు పొద్దున ఏడింటి బస్సుకే తిరుగు ప్రయాణం. ఆ పండుగలో ఏం తిన్నానో ఇప్పుడు సగం గుర్తు లేదు, ఆ పాటలూ గుర్తు లేవు. రాజన్న పక్కన కూర్చున్న ఆ పన్నెండు గంటలు మాత్రం మళ్లీ కావాలనిపిస్తుంది. ఊరూరికీ జేబులోంచి అట్ట తీసి చదవమనేవాడు. నేను తెలుగు చేసి చెప్పేవాణ్ణి. హైమా దాటాక మళ్లీ చేతికిచ్చాడు.

"ఈసారి ఇంగ్లీషులనే సదువు. గట్టిగ సదువు. బస్సుల అందరికి ఇనవడాలె" అన్నాడు.

లేచి నిలబడి చదివాను.