పంపు దగ్గర మస్తాన్ భాయ్ మీద నా నిఘా

ఇంజనీరింగ్ వృత్తికీ, నాకు పట్టా ఇచ్చిన కళాశాలకూ, ఇది చదివి మీరు పోగొట్టుకోబోయే రెండు నిమిషాలకూ ముందుగా నా బహిరంగ క్షమాపణలు.

సౌదీ అరేబియాలోని యాన్బులో నా మొదటి ఉద్యోగానికి నేటితో రెండు వారాలు. నా కింద పనిచేసే టెక్నీషియన్ మస్తాన్ భాయ్‌ది కడప. ఈ ప్లాంటులో ఆయనకు ఇరవై రెండేళ్ల అనుభవం. అంతటి మనిషి నన్ను "సార్" అని పిలిచినప్పుడే నాకు అనుమానం మొదలైంది. ఈ పొద్దున నన్ను నడుస్తున్న పంపు దగ్గరికి తీసుకెళ్లి, "దీన్ని ఆపేద్దామా సార్?" అన్నాడు. ఆపితే పని నిలిపానంటారు, ఆపకపోతే పంపు పాడుచేశానంటారు. ఎటైనా నా ప్రొబేషన్‌కే ఎసరు. నన్ను ఇరికిస్తున్నాడని తేల్చుకున్నాను.

"మీకేమనిపిస్తోంది భాయ్?" అన్నాను గంభీరంగా.

"నాకనిపిస్తే ఏం సార్, ఆపమని సెప్పాల్సింది మీరు గదా. ఇదో, ఇనండి" అంటూ స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ మీద ఆనించి, పిడి నా చెవికి పెట్టాడు. "లోపల గరగరమంటాండాది. ఇనపడ్తాందా?"

నాకు ప్లాంటు మొత్తం వినబడింది, ఆ గరగర తప్ప. అయినా తలూపి, ఆపమన్నాను.

విప్పి చూస్తే బేరింగ్ నిజంగానే అరిగిపోయి ఉంది. సాయంత్రం నా రిపోర్టు చదివిన మేనేజర్ భుజం తట్టాడు. పక్కనే ఉన్న మస్తాన్ భాయ్ నాకు టీ తెచ్చిచ్చాడు. ఇది మరీ అనుమానాస్పదం.

ఈ మంచితనం వెనక ఏముందో అనుభవజ్ఞులు చెప్పాలి. నేను చేసింది మాత్రం ఒక్కటే: రిపోర్టులో "లోపం కనిపెట్టినవారు" అన్న చోట నా పేరు రాసుకున్నాను.