అరగని స్పేస్‌బార్

ముందే ఒప్పుకుంటున్నాను: నా నోట్లో పడిన పిల్లి పులిగా బయటికి వస్తుంది. సత్తార్ సార్ గురించి చెప్పేటప్పుడూ అంతే. వడగట్టుకుని చదవండి.

నిన్న ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు తలుపు తీయగానే కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. నా వెంట వచ్చినవాళ్లు ఆహా అన్నారు. నేను మాత్రం తిన్నగా కీబోర్డుల దగ్గరికి నడిచాను. పీజీ కోర్సులు ఎలా నడుస్తున్నాయో చూసి నివేదిక రాయడం నా ఉద్యోగంలో ఒక భాగం. ఆ చూడటం నేర్పింది సత్తార్ సార్. బాన్సువాడ బస్టాండు ఎదురుగా, ఎరువుల దుకాణం పైన, అగ్గిపెట్టెంత గదిలో కంప్యూటర్ నేర్పేవారు. నాలుగు కంప్యూటర్లకు బీర్కూరు నుంచి, బిచ్కుంద నుంచి, జుక్కల్ నుంచి వచ్చిన నాలుగు వందల మందిమి. పురుగుమందు ఘాటుకు మా కళ్లలో నీళ్లు కారుతుంటే, చదువు మీద ప్రేమతో ఏడుస్తున్నామని కింద దుకాణం వాళ్లు అనుకునేవారు.

నేను పీజీలో చేరదామనుకున్న కాలేజీని ముందు చూద్దామని సార్ కూడా వచ్చారు. ల్యాబులో తెరల వంక ఆయన కన్నెత్తి చూడలేదు. ఒక్కొక్క కీబోర్డు మీదికీ వంగి, మాటకూ మాటకూ మధ్య ఖాళీ కోసం నొక్కే ఆ పొడుగు మీటను, స్పేస్‌బార్‌ను, బొటనవేలితో రుద్దారు. బయటికి వచ్చాక అడిగారు.

"ఏం చూసినవ్ రా?"

"అరవై కంప్యూటర్లు సార్. ఏసీ కూడా ఉంది."

"ఏసీల పండుకుంటవా, చదువుకుంటవా? పోరలు కొడితే గా స్పేస్‌బార్ నున్నగ అరగాలె. ఒక్కటన్న అరగలే. గవి చూపెట్టనీకి తెచ్చిన డబ్బాలు, బేటా."

నేను వేరే చోట చేరి బాగుపడ్డాను. తనిఖీ బృందంలో కూర్చునేంత పెద్దవాణ్ణయ్యాను; పొట్ట నాకంటే ముందే పెద్దదైంది.

కొన్నేళ్ల కింద ఒక విశ్వవిద్యాలయం తన ఐటీ పీజీ కోర్సును చూడమని మమ్మల్ని పిలిచింది. ల్యాబులో స్పేస్‌బార్ మీద బొటనవేలు పెట్టాను. గరుకుగా తగిలింది. ఎవరూ ముట్టుకోని గరుకు. "బిర్యానీ చల్లారుతోందండీ" అన్నారు పక్కనున్న పెద్దమనిషి. ఏనుగు స్నానం చేసేంత గిన్నె. 'ల్యాబు బాగుంది' అని రాసి సంతకం పెట్టాను.

ఆ ఏడే సార్ కూతురు షబానా ఫోన్ చేసింది. "అన్నా, నువ్వు చూసొచ్చిన కోర్సేనట గద. అబ్బాకు మోకాళ్ల నొప్పులు, చూడనీకి రాలేడు. 'మా పోరడు చూసిండు, ఇగ నాకేం ఫికర్' అంటుండు. చేరాల్నా?"

"చేరమ్మా" అన్నాను.

ఆ ల్యాబు తాళం మళ్లీ తనిఖీ నాడే తీశారట. రెండేళ్లకు పట్టా చేతికొచ్చింది. ఇంటర్వ్యూలో నాలుగు లైన్ల ప్రోగ్రాం రాయమంటే ఆమెకు చేతులాడలేదు. ఇప్పుడు బట్టల దుకాణంలో చీరలు మడతపెడుతోంది.

సంగతి తెలిసి సార్ ఇంటికి వెళ్లాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, బొటనవేలు అటూ ఇటూ తిప్పి చూశారు. "వేలు మంచిగనే ఉంది గద, బేటా. మరేమాయె?" అన్నారు. మళ్లీ ఆయనే, "పోనీ తియ్యి, ఫికర్ చెయ్యకు. చాయ్ తాగి పో" అని భుజం తట్టారు. ఆ ఎండాకాలం దాటకముందే పోయారు.

నిన్న ప్రతి కీబోర్డు మీదా వేలు పెట్టాను. ఒక్కటీ అరగలేదు. భోజనానికి పిలిస్తే వెళ్లకుండా, ఉన్నది ఉన్నట్టు రాసి వచ్చాను.

ఇక వడగట్టే పని నేనే చేస్తాను. నాలుగు వందల మందిమి కాదు, పద్నాలుగు మందిమి. అది చిన్న అబద్ధం. అసలు కల్పించింది ఆ చాయ్. సార్ నా భుజం తట్టలేదు. ఆ ఒక్క మాట అడిగి, నా చెయ్యి వదిలేసి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు. షబానా వచ్చి తలుపు దగ్గరికి వేసింది.